బెజవాడను దేనితో భాగిస్తారు?

2027 జనగణనకు విజయవాడలో పనిచేయబోయే అధికారులకు, సూపర్‌వైజర్లకు, ఎన్యూమరేటర్లకు. మీరు తెచ్చే లెక్కలతో రేపు ఈ ఊరిని నడపాల్సిన నగరపాలక సంస్థ పెద్దలకు,

నమస్కారం.

నేను బడిపంతులుగా చేసి రిటైరయినవాణ్ణి. 1991లో ఒకసారి, 2001లో ఒకసారి జనాభా లెక్కలు రాశాను. రెండుసార్లూ నా వాటాకు కొండ బ్లాకే (ఒక్కరికి అప్పగించే ఇళ్ల గుంపు) వచ్చింది. మీలో చాలామంది టీచర్లే కాబట్టి నా దగ్గర చదువుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. ఉత్తరంలో కాస్త పంతులు చాదస్తం కనబడితే సర్దుకోండి.

మా ఊరి జనసాంద్రత ఎంతని అడిగితే రెండు జవాబులు తిరుగుతున్నాయి. 2011 లెక్కల ప్రకారం కార్పొరేషన్ పరిధిలో 10 లక్షల 30 వేల పైచిలుకు జనం, పరిధి 61.88 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు దాదాపు 17 వేలు. కొన్నేళ్ల కిందట ఇంకో అంకె పేపర్లకెక్కింది: చదరపు కిలోమీటరుకు 31 వేల పైన, ప్రపంచంలోనే మూడో స్థానం అని. ఆ వార్త చదివి గర్వపడ్డవాళ్లు కూడా ఉన్నారు. అందులో గర్వపడాల్సింది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకే ఊరికి 17 వేలూ 31 వేలూ ఎలా కుదురుతాయి? ఎవరూ అబద్ధమాడలేదు. మొదటి లెక్క కార్పొరేషన్ గీత లోపల ఉన్నదాన్నంతా భాజకంలో వేసేసింది. ఇంద్రకీలాద్రి, గాంధీ కొండ, మూడు కాలవలు, రైల్వే యార్డు, అన్నీ నేలే దాని దృష్టిలో. రెండో లెక్క ఆ గీతను పక్కనబెట్టి, కట్టడాలు ఒకదాన్నొకటి ఆనుకుని సాగినంత మేర ఊరనుకుంది. మేము బతికేది ఈ రెండిట్లో దేనిలోనూ కాదు. మెట్ల మీద, కాలవ గట్టు మీద, వెనక పోర్షన్లో బతుకుతాం. ఆ నేల ఎంతో కొలిచి, దానితో భాగించిన అంకె నేను ఇంతవరకూ చూడలేదు. ఈ ఉత్తరం దాని కోసమే.

ఊరు ఇంత ఇరుకు ఎలా అయిందో కొంచెం చెప్పాలి. లేకపోతే మీ మ్యాపులో గీతలు మీకు గీతల్లాగే కనబడతాయి.

ఇక్కడ ఎవరు మకాం పెట్టొచ్చు, ఎవరు పెట్టకూడదు అన్న సంగతి రాతికెక్కి వెయ్యేళ్లు దాటింది. చాళుక్య రాజు యుద్ధమల్లుడి బెజవాడ శాసనం మధ్యాక్కర అనే పాత ఛందస్సు పద్యాల్లో ఉంటుంది. గుడిని ఆనుకుని కట్టించిన మఠంలో గొరగలు, అంటే శైవ సన్యాసులు, తప్ప ఇతరులు దిగి ఉంటే పాపం చుట్టుకుంటుందని అందులో ఉంది. రాయి మీద చెక్కించి మరీ బెదిరించాల్సి వచ్చిందంటే, ఖాళీ జాగా కనబడగానే చేరిపోయే జనం అప్పటికే ఉన్నారని నా ఊహ. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు. ఎన్యూమరేటర్‌గా పనిచేసినవాళ్లు మాత్రం వెంటనే ఒప్పుకుంటారు.

అయితే ఇప్పటి రద్దీకి మూలం శాసనాల్లో లేదు, ఆనకట్టలో ఉంది. కాటన్ దొర ఆలోచనతో, కెప్టెన్ ఓర్ చేతి మీదుగా 1852–55 మధ్య కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచింది. గాంధీ కొండను అంతకుముందు ఓర్ కొండ అనేవాళ్లు, ఆయన పేరు మీదే. ఆనకట్ట దగ్గర బయల్దేరిన కాలవలు, ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, ఊరిని చీల్చుకుంటూ డెల్టాకు పోయాయి. వాటి మీద పడవలు, పడవల్లో ధాన్యం, ధాన్యం వెంట వ్యాపారులు, వ్యాపారుల వెంట బస్తాలు మోసేవాళ్లు. 1888లో రైలు వచ్చింది. ఆ ఏడే ఏప్రిల్ 1న మునిసిపాలిటీ పుట్టింది, 30 చదరపు కిలోమీటర్ల పరిధితో. మరుసటి ఏడాది నైజాం వైపు లైను కలిసింది, కొద్ది ఏళ్లకే కృష్ణ మీద రైలు వంతెన లేచి మద్రాసు దారి తెరుచుకుంది. నాలుగు దిక్కుల నుంచీ వచ్చే బండి ఎక్కడ ఆగుతుందో అక్కడ దిగేవాళ్లు దిగుతారు, వాళ్లలో సగం మంది తిరిగి ఎక్కరు.

1901లో ఊరి జనాభా 24 వేల చిల్లర. ఇవాళ కార్పొరేషన్లో 64 డివిజన్లు. 2011 జనాభానే పంచినా సగటున డివిజనుకు 16 వేల మంది. అంటే నాటి బెజవాడ మొత్తం నేటి ఒకటిన్నర డివిజన్. 1931కి 60 వేలు, 1941కి 86 వేలు. తర్వాతి పదేళ్లలో ఏకంగా లక్షా 61 వేలు. పాత ఊరంతా ఒకపక్క, దాదాపు దానంత కొత్త ఊరు పదేళ్లలో ఇంకోపక్క! డెల్టా డబ్బు, లారీలు, ప్రెస్సులు, సినిమా పంపిణీ ఆఫీసులు, పార్టీ ఆఫీసులు, అన్నీ ఇక్కడికే చేరాయి. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. 1957కి ప్రకాశం బ్యారేజీ పూర్తయి దాని మీదుగా రోడ్డు పడ్డాక అవతలి గుంటూరు జిల్లా కూడా మా పెరడే అయింది. 1961కి 2 లక్షల 30 వేలు. 1971 తర్వాత ప్రతి పదేళ్లకూ పెరిగింది లక్షకు పైనే. పదుల వేలల్లో లెక్కపెట్టడం మానేశాం.

ఇక్కడే ఒక గారడీ జరిగింది, మీకు తప్పక చెప్పాలి. 1981లో మునిసిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. అప్పటి జనాభా సుమారు నాలుగున్నర లక్షలు. మునిసిపాలిటీ పుట్టిననాటి 30 చదరపు కిలోమీటర్లతో దాన్ని భాగిస్తే 15 వేలు. 1985లో గుణదల, పటమట, భవానీపురం, పాయకాపురం పంచాయతీలను కలిపారు. పరిధి 61.88 అయింది. 1991లో 7 లక్షల మందిని దీనితో భాగిస్తే 11 వేల చిల్లర. పదేళ్లలో రెండున్నర లక్షల మంది పెరిగారు, జనసాంద్రత మాత్రం తగ్గింది! ఆ పదేళ్లూ నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. వన్ టౌన్లో ఒక్క సందు కూడా అంగుళం వెడల్పు కాలేదు. పంజా సెంటర్ నుంచి కాళేశ్వరరావు మార్కెట్‌కు సైకిల్ మీద వెళ్లడానికి 1981లో పట్టిన దానికన్నా 1991లో ఎక్కువసేపు పట్టేది.

విలీనాలు వద్దని నేననడం లేదు. గొల్లపూడి, రామవరప్పాడు, ప్రసాదంపాడు, నిడమానూరు. ఇవతల కానూరు, పోరంకి, యనమలకుదురు కలిసి ఏర్పడ్డ తాడిగడప మునిసిపాలిటీ. ఇవి ఊరు కావని ఎవరు చెప్పగలరు? సరిహద్దు బోర్డు తీసేస్తే ఎక్కడ విజయవాడ అయిపోయిందో ఆటో డ్రైవరు కూడా చెప్పలేడు. గ్రేటర్ విజయవాడ మాట ఎన్నాళ్లుగానో నలుగుతూనే ఉంది. కలిపితే కలపండి. కలిపిన మర్నాడు మాత్రం సగటు పడిపోయిందని చూపించి, వన్ టౌన్లోని వించిపేటకు ఇక ఇరుకు తీరిపోయిందని తేల్చకండి. జనగణన కోసం ఊళ్ల సరిహద్దులు 2025 డిసెంబర్ 31 నాటికి ఎలా ఉన్నాయో అలా స్తంభింపజేయాలన్నది నియమం. ఈసారికి ఆ గీతలే గీతలు. ఆ తర్వాత జరిగే మార్పులు ఏమైనా, 2011 అంకెను 2027 అంకెతో పోల్చేటప్పుడు కింద వేసిన నేల ఒకటేనా అని దయచేసి చూసుకోండి.

ఇక నా 1991 సంగతి. ఫిబ్రవరి నెల. నా బ్లాకులో ఏడెనిమిది వందల మంది ఉంటారని చెప్పి పంపారు. కొండ మీద మూడో మలుపు దగ్గర ఒక నీలం తలుపు. తట్టాను. ఒక పెద్దావిడ వచ్చి "మేమే బాబూ, ఆరుగురం" అంది. రాసుకుని పైమెట్టు ఎక్కాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే అటుగా వెళ్తుంటే ఆ నీలం తలుపులోంచి మూడు చోట్ల పొగ వస్తోంది. ఆగాను. కుటుంబం అంటే ఏమిటని ట్రైనింగ్‌లో చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది: ఒకే వంటగదిలో కలిసి తినేవాళ్లు. లోపలికి వెళ్తే తలుపు ఒకటే, పొయ్యిలు మూడు. ఆవిడ అబద్ధమేమీ చెప్పలేదు, "మేము" అంటే తనవాళ్ల గురించే చెప్పింది. మిగిలిన రెండు పొయ్యిల గురించి నేనడగలేదు. ఆ తప్పు నాదే. సిగ్గుపడి మళ్లీ మొదటి మెట్టు నుంచి బ్లాకంతా తిరిగాను. ఈసారి "ఎంతమంది ఉన్నారు" అని మొదలుపెట్టలేదు, "ఈ తలుపు వెనక ఎన్ని పొయ్యిలు వెలుగుతాయి" అని అడిగాను. నా ఫారాలు చాల్లేదు, మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు పొగ కూడా ఆనవాలు ఇవ్వదు, అందరివీ గ్యాసు పొయ్యిలు. మీ చేతిలో కాగితాలకు బదులు ఫోన్ ఉంటుంది, భవనాలకు జియో ట్యాగింగ్ ఉంటుంది. మంచిదే. కానీ కొండ ఇంటిని పైనుంచి చూస్తే ఒకటే కప్పు, పక్కనుంచి చూస్తే నాలుగిళ్లు. కింది ఇంటి డాబా పై ఇంటి వాకిలి. మ్యాపు మీద చుక్క ఒకటే పడుతుంది. ఆ చుక్కను నమ్మి దిగిరాకండి. స్వీయ గణనకు అవకాశం ఇచ్చారు కదా, వాళ్లే నింపేసుకుంటారని ఊరుకోకండి. అపార్టుమెంట్ వాళ్లు నింపుతారు. మొగల్రాజపురం కొండ చివర ఉన్న తాత నింపడు.

కొండల మాట వచ్చింది కాబట్టి 2024 ఆగస్టు 31 గురించి రాయక తప్పదు. ఆ వానకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రీ మర్నాడూ బుడమేరు వాగు పొంగింది. సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీళ్లలో మునిగాయి. కట్ట తెగిన గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారు, అది బ్యారేజీ చరిత్రలోనే ఎక్కువ. కృష్ణలంక మాత్రం రిటైనింగ్ వాల్ పుణ్యాన ఈసారి గట్టెక్కింది. లంక అన్న పేరులోనే అది ఎవరి జాగానో ఉంది. నది వదిలిన ఇసుక మీద ఊరు లేచింది, గోడ కట్టాక నది ఇక అడగదనుకుంటున్నాం.

కొండ మీద నా ఇంటి నుంచి ఆ నీళ్లు కనబడుతూనే ఉన్నాయి. జనాభా లెక్కలు రాసినవాడిగా నా కళ్లు మాత్రం తర్వాత జరిగిన లెక్కింపు మీద ఉన్నాయి. సాయం ఇవ్వడానికి ఇంటింటికీ తిరిగి జాబితా రాశారు. నేల మీద ఇల్లయితే 25 వేల రూపాయలు, పై అంతస్తయితే 10 వేలు. అప్పుడు బయటపడింది, ఒకే డోర్ నంబరు మీద ఎన్ని కాపురాలున్నాయో. కింద ఇంటి యజమాని, వెనక పోర్షన్లో అద్దెకుండే ఆటో డ్రైవరు, పైన ఇద్దరు అన్నదమ్ములు, మెట్ల కింద గదిలో ఒంటరి ముసలామె. జాబితాలో మా పేరు లేదంటూ జనం వార్డు సచివాలయాల ముందు నిలబడ్డారు. తప్పు రాసినవాళ్లదా, ముందున్న రికార్డులదా అని నేను తేల్చబోవడం లేదు. 2011 తర్వాత ఈ ఊళ్లో పూర్తి జనగణన జరగలేదు. 1881 నుంచీ పదేళ్లకోసారి తప్పకుండా జరుగుతూ వచ్చిన జనగణన 2021లో జరగలేదు. ఆపదొచ్చాక లెక్కపెట్టడం మొదలుపెడితే ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది.

ఈ 16 ఏళ్ల ఖాళీలో ఊరికి ఏం జరిగిందో కూడా తలుచుకోండి. 2014లో రాష్ట్రం విడిపోయింది. ఆఫీసులు హైదరాబాద్ నుంచి ఇటు తరలివచ్చాయి, ఉద్యోగులతోబాటు అద్దెలు కూడా వచ్చాయి. సొంత పెరట్లో ఉన్న జామచెట్టు కొట్టేసి పోర్షన్ వేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాకు ఇదే కేంద్రం. మరి డివిజన్లు? వార్డులకు జనాభా అంటే ఆఖరుసారి ప్రచురించిన జనగణన లెక్కే అని రాజ్యాంగం చెబుతుంది. కాబట్టి 2021లో మేము ఓటేసిన 64 డివిజన్లూ 2011 జనంతోనే గీసినవి. అప్పటికి కట్టని ఇళ్లలో ఉన్నవాళ్లం, అప్పటికి రానివాళ్లం, లెక్కల్లో ఇంకెక్కడో ఉన్న జనంగానే ఓటేశాం.

కొన్ని చిన్న సంగతులు, అనుభవంతో చెప్తున్నవి. ఈ ఊరి చుట్టూ ఇంటర్మీడియట్ హాస్టళ్లున్నాయి, పిల్లలు వేలల్లో ఉంటారు. అక్కడ ఉంటూ చదువుకునే పిల్లను అక్కడే రాయాలి. ఊళ్లో తల్లి ప్రేమకొద్దీ "మా అమ్మాయి కూడా ఉంది, రాసుకోండి" అంటుంది. వద్దనడం కష్టమే, నేనూ ఒకసారి అనలేకపోయాను. రాత్రిళ్లు ప్లాట్‌ఫారాల మీద, ఘాట్ల మెట్ల మీద, మార్కెట్ అరుగుల మీద పడుకునేవాళ్లను 2011లో ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. ఆ డ్యూటీ ఎవరికి పడినా విసుక్కోకండి. ఊరి మొత్తంలో దాక్కోవడానికి తలుపు కూడా లేనివాళ్లు వాళ్లే.

పొద్దున దిగి రాత్రికి పోయేవాళ్లు ఏ లెక్కకూ ఎక్కరు. బీసెంట్ రోడ్డుకు చీరలకొచ్చినవాళ్లు, ఆటోనగర్‌కు లారీ తెచ్చినవాళ్లు, దసరాకు అమ్మవారి కొండెక్కేవాళ్లు, నెహ్రూ బస్టాండులో బస్సు మారేవాళ్లు. 1921 జనగణనలో ఊరి జనాభా 44 వేలు. ఆ మార్చి ఆఖరునే అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశాలకు గాంధీజీ వచ్చారు, పింగళి వెంకయ్య జెండా నమూనా ఆయన చేతికిచ్చింది అప్పుడే. ఆయన్ను చూడటానికి వచ్చిన జనం ఆ 44 వేలలో ఎక్కడా లేరు. వాళ్లందరినీ మీరు రాయనక్కర్లేదు, అది మీ పని కాదు. కానీ తాగునీళ్లూ మరుగుదొడ్లూ చెత్తబండ్లూ లెక్క వేసే కార్పొరేషన్‌కు వాళ్లు కూడా ఊరే.

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. 2027 అంకెలు చేతికొచ్చాక ఊరికంతటికీ ఒకే జనసాంద్రత ప్రకటించి చేతులు దులుపుకోకండి. డివిజన్ వారీగా ఇవ్వండి, ప్రతి డివిజన్‌కూ రెండుసార్లు భాగించండి. ఒకసారి మొత్తం విస్తీర్ణంతో, ఇంకోసారి ఎవరూ నివసించని కొండభాగం, కాలవలు, రైల్వే స్థలం, నదీగర్భం తీసేసి మిగిలిన నేలతో. సర్వే మ్యాపులు మీ దగ్గరే ఉన్నాయి, టౌన్ ప్లానింగ్ విభాగం వారం రోజులు కూర్చుంటే అయ్యే పని. ఆ రెండో వరసలో కొన్ని డివిజన్ల అంకె చూసి మీకు కళ్లు తిరుగుతాయని నా అనుమానం. ఫైరింజను ఏ సందులోకి పోదో, ఏ మెట్ల పక్కన ఇంకో నీళ్ల ట్యాంకు కావాలో, ఏ అంగన్‌వాడీ రెండుగా విడగొట్టాలో ఆ వరసే చెబుతుంది. 17 వేలు అన్న అంకె చెప్పలేదు, 31 వేలు అన్న అంకె అసలే చెప్పలేదు.

ఎన్యూమరేటర్ అమ్మాయికో అబ్బాయికో ఇంకో ముక్క. 2027 ఫిబ్రవరిలో మా మెట్లు ఎక్కేది మీరే. ఎండ అప్పటికే ముదురుతుంది, పొద్దున్నే రండి. మూడో మలుపు దగ్గర నీలం తలుపు ఇప్పుడు లేదు, గ్రిల్ గేటు పెట్టారు. లోపల ఎడమవైపు నీళ్ల డ్రమ్ముల వెనక ఇంకో తలుపుంది, బయటికి కనబడదు. అది కూడా తట్టండి. నేను పైన ఉంటాను, మంచినీళ్లు తాగి వెళ్దురుగాని.

ఇట్లు,
కొండ మీద ఇంటి పంతులు,
విజయవాడ.